నీటిమీద దారి ఎవరిది?

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని సామెత. కలిమిలేములు ఒకచోట నిలిచేవి కావని చెప్పడానికి పెద్దలు ఈ మాట వాడారు గాని, ఓడకూ బండికీ ఉన్న అసలు తేడా ఒకటి ఇందులో మరుగున పడిపోయింది. మన దేశంలో బండి ఎడమపక్కన నడుస్తుంది. ఓడ అట్లా కాదు. రెండు ఇంజను ఓడలు ముఖాముఖీ ఎదురుపడితే రెండూ కుడివైపుకే తిరగాలి. ఒకదాని ఎడమపక్కగా రెండోది దాటిపోవాలి. ఇది ఏ ఒక్క దేశమో చేసుకొన్న చట్టం కాదు. 1972లో దేశాలు కూడబలుక్కొని రాసుకొని, 1977 జూలై 15 నుంచి అమలులో పెట్టుకొన్న అంతర్జాతీయ నిబంధన. అంచేత రోడ్డుమీద నలభై ఏళ్ళు కారు నడిపిన మహానుభావుడైనా సరే, నీటిమీద మొదటిరోజున మళ్ళీ అక్షరాభ్యాసం చేసుకోవలసిందే.

“ఛందస్సు చెప్పుకొని బతికేవారు, ఈ నీటి గొడవ మీకెందుకండీ?” అని మీరు అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. నన్ను ఇందులోకి దింపినది ఈ శీర్షిక చదివే విజయవాడ సోదరి ఒకరు. వారి అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో స్నేహితులతో గోవా వెళ్ళి విండ్ సర్ఫింగు నేర్చుకొంటానని పట్టుబట్టి కూర్చున్నాడట. తండ్రిగారు సరేనన్నారు. తల్లికి నిద్ర పట్టడం లేదు. “మునిగిపోతాడని కాదండీ, వాడికి ఈత బాగానే వచ్చు. అక్కడ పడవలూ, పలకలూ, ఇంజను బళ్ళూ అన్నీ ఒక్కచోటే తిరుగుతాయట. గీతలు లేవు, సిగ్నళ్ళు లేవు, పోలీసు లేడు. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఎట్లా ఉంటాయి?” అని ఆవిడ ప్రశ్న.

ఈ ప్రశ్న విని నవ్వేవాళ్ళు తెలియనివాళ్ళు. తెలిసినవాళ్ళు మాత్రం నవ్వరు. నేను ఆవిడ ఉత్తరం పట్టుకొని మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన గాలి లెక్కలు చెప్పారు. ఆ తరువాత, ఈ ఆట నాలుగేళ్ళుగా ఆడుతున్న మా పాత విద్యార్థిని ఒకణ్ణి కూర్చోబెట్టి ఒక సాయంకాలమంతా ప్రశ్నలు వేశాను. ఒకప్పుడు నేను వాణ్ణి సంధులు అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఇప్పుడు వాడు చెబుతూంటే నేను రాసుకొన్నాను. అదొక తమాషా.

*

ముందు ఆ వాహనం ఏమిటో చూద్దాం. మనిషికంటే పొడవైన పలక. దానిమీద ఒక స్తంభం. స్తంభానికి తెరచాప. తెరచాపను పట్టుకోవడానికి అడ్డంగా ఒక పిడికమ్మి. అంతే. అమెరికాలో న్యూమన్ డార్బీ అనే ఆయన 1964లో తెరచాప గల పలక ఒకటి తయారుచేశాడు. కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హాయిల్ ష్వైట్జర్ అనే ఇద్దరు దానికి ఇప్పటి రూపం తెచ్చి 1968లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో ఇది పోటీగా చేరింది. స్త్రీలకు 1992లో బార్సిలోనాలో. మనవాడు ఈబాద్ అలీ 2023 ఆసియా క్రీడల్లో ఈ పోటీలోనే కాంస్యపతకం తెచ్చాడు. కాబట్టి ఇది పనిలేని పిల్లల కోతిచేష్ట అని తీసిపారెయ్యడానికి వీల్లేదు. మన సౌకర్యం కోసం దీన్ని ‘గాలిపలక’ అందాం. మా వాడు ఈ పేరు విని మొహమాటానికి బాగుందన్నాడు.

దీని కీలకమంతా కీలులోనే ఉంది. స్తంభం పలకకు బిగించి ఉండదు. అన్ని వైపులకూ వంగే కీలుమీద నిలుస్తుంది. చుక్కాని లేదు. స్తంభాన్ని ముందుకు వాల్చితే పలక ముక్కు గాలికి పెడగా తిరుగుతుంది, వెనక్కు వాల్చితే గాలివైపు తిరుగుతుంది. బ్రేకు కూడా లేదు. ఆగాలంటే చెయ్యి సడలించి చాపలో గాలి ఒలకబొయ్యాలి. మరీ ముంచుకొస్తే పిడికమ్మి వదిలెయ్యాలి, చాప నీళ్ళలో పడుతుంది, పలక నిలుస్తుంది.

ఇంకొక సంగతి తల్లులు తెలుసుకోదగ్గది ఉంది. గాలి వీపున తగులుతూంటే, తెరచాప మనిషి ఎదురుగా తెరలాగా నిలుస్తుంది. ఆ తెర అవతల ఎవరు వస్తున్నారో కనపడదు. అందుకే చాపలో ఒక భాగాన్ని పారదర్శకంగా కుడతారు. అయినా తిరగబోయేముందు చాప చాటున ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూడడమూ, భుజంమీదుగా వెనక్కి చూడడమూ నేర్చుకోవాలి. మా వాడు చెప్పిన లెక్కన, గుద్దుకోవడాలు ఎక్కువగా ఈ చూడకపోవడంలోనే పుడతాయి.

*

ఇక గాలి. గాలివాటం మనిషి అని మనం తిట్టుగా వాడతాం. నీటిమీద మాత్రం గాలివాటం తెలియనివాడే తిట్లు తింటాడు.

ఇంగ్లీషు నౌకాదళంలో ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ అనే అధికారి 1805లో గాలికి మెట్లు కట్టాడు. ఇప్పటికీ ఆయన పేరే నడుస్తూంది. ఇంట్లో కూర్చునే ఈ మెట్లు గుర్తుపట్టవచ్చు. మొహానికి గాలి తగిలి ఆకులు గలగలలాడితే రెండో మెట్టు. ఆకులూ చిన్న రెమ్మలూ ఎడతెగకుండా కదులుతూ, పల్చని జెండా విచ్చుకొంటే మూడో మెట్టు, అంటే 7 నుంచి 10 నాట్లు. దుమ్మూ, చిత్తుకాగితాలూ లేచి పోతూంటే నాలుగో మెట్టు, 11 నుంచి 16 నాట్లు. నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. సముద్రంమీద అలల నెత్తిన తెల్లని నురుగు జోరుగా కనపడడం ఈ నాలుగో మెట్టులోనే. కొత్తగా నేర్చుకొనేవాడికి రెండూ మూడూ మెట్లు చాలు. తెల్లనురుగు కనపడితే వాడు ఒడ్డున కూర్చుని పకోడీలు తినడం మంచిది.

ఎందుకంటే గాలి వేగం రెట్టింపయితే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పొద్దున్న 7 నాట్ల గాలిలో మల్లెపూవులా చేతికి లొంగిన తెరచాప, మధ్యాహ్నం 14 నాట్లు కాగానే నాలుగురెట్ల బరువుతో లాగుతుంది. అదుపు తప్పిన పలక ఎవరిమీదికి పోతుందో దానికే తెలియదు.

గాలి ఎంత ఉన్నదన్నది ఒక ప్రశ్న. ఎటునుంచి వస్తున్నదన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. నేలమీదినుంచి సముద్రంలోకి వీచే గాలి మహా టక్కరిది. ఒడ్డు దగ్గర నీరు అద్దంలా ఉంటుంది. అలలు లేపడానికి గాలికి ఇంకా జాగా దొరకలేదు గనక. ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అని కొత్తవాడు పలక ఎక్కుతాడు. ఎక్కిన పది నిమిషాలకు వెనక్కి చూస్తే ఒడ్డు చిన్నదై ఉంటుంది. తెరచాపల కాలంలో మన జాలర్లు తెల్లవారుజామున ఈ నేలగాలి పట్టుకొనే సముద్రంలోకి పోయేవారు, పగటివేళ సముద్రపు గాలి తిరిగాక ఇళ్ళకు వచ్చేవారు. వారికి అది రాకపోకల బండి. నేర్చుకోని కుర్రవాడికి పోక మాత్రమే ఉంటుంది, రాక ఉండదు.

అట్లా కొట్టుకుపోతే ఏం చెయ్యాలి? పలకను వదలకూడదు. ఒడ్డు దగ్గరే కదా, ఈదుకొంటూ పోదాం అనే ఆలోచన ప్రాణాలు తీస్తుంది. పలక మునగదు. నీళ్ళలో మనిషి తలకంటే పలక దూరానికి కనపడుతుంది. దానిమీద కూర్చుని రెండు చేతులూ పక్కలకు బారజాపి, నెమ్మదిగా పైకీ కిందికీ మళ్ళీ మళ్ళీ ఆడించాలి. ఇది ఆపదలో ఉన్నామని చెప్పే అంతర్జాతీయ సంకేతం. హుషారుగా చెయ్యి ఊపితే అవతలివాళ్ళు కూడా హుషారుగా చెయ్యి ఊపి వెళ్ళిపోతారు.

*

ఇప్పుడు మన సోదరి అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. గీతలు లేనిచోట దారి ఎట్లా తెలుస్తుంది?

గాలే గీత. రెండు తెరచాపలు ఎదురుపడినప్పుడు, ఒకదానికి గాలి కుడిపక్కనుంచీ రెండోదానికి ఎడమపక్కనుంచీ తగులుతూంటే, గాలిని ఎడమపక్క తీసుకొన్నవాడు తప్పుకోవాలి. గాలిపలకమీద ఇది ఇంకా సులభం. స్తంభానికి దగ్గరగా ముందున్నది కుడిచెయ్యి అయితే నువ్వు నీ దారిన సాగాలి. ఎడమచెయ్యి ముందుంటే తప్పుకోవలసినవాడివి నువ్వు. కంగారులో కూడా తన చెయ్యి ఏదో మనిషికి తెలుస్తుంది గదా!

ఇద్దరికీ గాలి ఒకే పక్కనుంచి వస్తూంటే ఎగువవాడు తప్పుకోవాలి. నదికి ఎగువా దిగువా ఉన్నట్టే గాలికీ ఉన్నాయి. గాలి ముందుగా తగిలేవాడు ఎగువవాడు. దిగువవాడికి రావలసిన గాలి ముందు వీడిచేతిలో పడుతుంది, అంచేత మర్యాద కూడా వీడే చూపాలి. ఇందులో నాకు మన కాలువ రైతుల తగవులన్నీ కనపడ్డాయి.

మూడోది, వెనకనుంచి దాటిపోయేవాడు ఎవడైనా సరే, ముందున్నవాడికి అడ్డం రాకుండా దాటాలి. ఈ నియమం పైరెండింటికీ పైన. ఇంజను ఉన్నది తెరచాపకు తప్పుకోవాలి. కాని తెరచాప కూడా వలలు వేసి ఉన్న చేపల పడవకు తప్పుకోవాలి. మన తీరంలో గాని గోవాలో గాని ఇది మరిచిపోరాదు. వాళ్ళది ఆట కాదు, బువ్వ. ఇరుకైన ఓడల కాలువలో పెద్ద ఓడ వస్తూంటే తెరచాపవాడు ‘నాకు ఇంజను లేదు’ అని వాదం పెట్టుకోకూడదు. అక్కడ పెద్ద ఓడకు అడ్డుపడకూడదని నిబంధనే చెబుతుంది.

రాత్రివేళ ఇంజను పడవలకు ఒక అందమైన ఏర్పాటు ఉంది. పడవకు ఎడమపక్క ఎర్రదీపం, కుడిపక్క పచ్చదీపం. మన కుడివైపునుంచి అడ్డంగా వచ్చే పడవ తన ఎడమపక్కను, అంటే ఎర్రదీపాన్ని మనకు చూపుతుంది. దానికి మనం తప్పుకోవాలి. ఎడమవైపునుంచి వచ్చేది పచ్చదీపం చూపుతుంది. దానికి అదే తప్పుకోవాలి. సిగ్నళ్ళు లేవని ఎవరన్నారు? ఒక్కొక్క పడవా ఒక్కొక్క సిగ్నలు స్తంభమే.

గుద్దుకొంటామో లేదో ముందుగా తెలుసుకోవడానికి ఒక చిట్కా కూడా చెప్పాడు మా వాడు. ఇది కూడా నిబంధనలలో ఉన్నదే. ఎదుటి పడవ మన ముందుకో వెనక్కో జరుగుతూ కనిపిస్తే భయం లేదు. ఒకే దిక్కున కదలకుండా నిలిచి, క్రమంగా పెద్దదవుతూ వస్తూంటే మాత్రం అది మన మీదికే వస్తున్నది. కదిలేదానికంటే కదలనిదాన్ని చూసి భయపడాలన్నమాట.

సమయం ఎంత ఉంటుంది? లెక్క వేశాము. చెరొక 20 నాట్ల వేగంతో రెండు పలకలు ఎదురెదురుగా వస్తే, వాటి మధ్య దూరం సెకనుకు 20 మీటర్లకు పైగా తరిగిపోతుంది. వంద మీటర్లు అయిదు సెకన్లు. ‘ఎవరిది తప్పు’ అని ఆలోచించుకోవడానికి అది చాలదు. అందుకే తప్పుకొనేవాడు ముందుగానే, ఎదుటివాడికి స్పష్టంగా కనపడేంత పెద్ద మలుపు తిరగాలి. సన్నగా, సిగ్గుగా, కొద్దికొద్దిగా జరగడం పనికిరాదు.

*

చూడడం ఉన్నా, దీపాలు ఉన్నా, యంత్రాలు ఉన్నా ఇద్దరి మనసులూ కలవకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి ఉంది. 1956 జూలై 25 రాత్రి, అమెరికా తీరాన నాంటకెట్ దీవికి ఆవల, పొగమంచులో ఇటలీ ఓడ ‘ఆండ్రియా డోరియా’, స్వీడన్ ఓడ ‘స్టాక్‌హోం’ ఎదురుపడ్డాయి. రెండింటికీ రాడార్లు ఉన్నాయి. ఒకరినొకరు రాడార్‌లో మైళ్ళదూరంనుంచే చూసుకొన్నారు కూడా. కాని కుడిపక్కలుగా దాటుకొంటామని ఒకరు అనుకొన్నారు, ఎడమపక్కలుగా అని రెండోవారు అనుకొన్నారు. చివరి క్షణంలో ఇటలీ ఓడ ఎడమకు తిరిగింది, స్వీడన్ ఓడ కుడికి తిరిగింది. సందులో ఎదురుపడిన ఇద్దరు మనుషులు ఒకే పక్కకు తప్పుకొని ఢీకొన్నట్టే. 51 మంది మరణించారు. మర్నాడు ఉదయం ఆండ్రియా డోరియా మునిగిపోయింది. అందులో ఉన్న సుమారు 1,700 మందిలో అత్యధికులు బతికి బయటపడ్డారంటే, ఓడ మునగడానికి కొన్ని గంటలు పట్టడమూ, ఇతర ఓడలు పరుగెత్తుకొని రావడమూ కారణాలు.

ఈ నిబంధనల్లో నన్ను ఆకట్టుకొన్నది ఒక మాట. కాదు, ఒక మాట లేకపోవడం. ఈ అంతర్జాతీయ నిబంధనల్లో ‘దారి హక్కు’ అనే మాట వాడరు. ‘తప్పుకోవలసిన ఓడ’, ‘నిలకడగా సాగవలసిన ఓడ’ అని రెండే పాత్రలు. అంటే ఇద్దరికీ విధులే. తప్పుకోవలసినవాడు తప్పుకోవాలి. రెండోవాడు తన దిశనూ వేగాన్నీ మార్చకుండా పోవాలి, ఎందుకంటే అవతలివాడు వీణ్ణి నమ్ముకొని లెక్క వేసుకొంటున్నాడు. కాని అంతటితో సరిపోలేదు. అవతలివాడు తప్పుకోవడం లేదని తేలితే, నిలకడవాడు తానే మారవచ్చు. ఇక అవతలివాడొక్కడివల్లా ప్రమాదం తప్పదు అనేంత దగ్గరకు వస్తే, మారవచ్చు కాదు, మారితీరాలి. న్యాయం నావైపే ఉందని గుద్దించుకొన్నవాడు కూడా నిబంధన తప్పినవాడే! పందేల నిబంధనలు కూడా ఇంతే. దారి తనదైనా తాకిడిని తప్పించగలిగినంతవరకు తప్పించాలి.

మన రోడ్డుమీద హారను కొట్టుకొంటూ ‘నాది పచ్చదీపం’ అని దూసుకుపోయేవారికి ఈ నిబంధనను అచ్చువేసి పంచిపెట్టాలని నాకు బుద్ధిపుట్టింది.

*

అయితే నియమాలు తెలిసినవాడు ఒక్కడే అయితే చాలదు. 2024 డిసెంబరు 18న బొంబాయి రేవులో, గేట్‌వేనుంచి ఎలిఫెంటాకు వందమందికి పైగా యాత్రికులతో పోతున్న ‘నీల్‌కమల్’ పడవను, ఇంజను పరీక్షలో ఉన్న నౌకాదళపు వేగపడవ అదుపుతప్పి ఢీకొన్నది. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. పడవలో కూర్చున్న తల్లులూ పిల్లలూ ఏ నియమం తప్పారు? 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర పడవ తిరగబడినప్పుడు ఢీకొనడమే లేదు, అయినా పదులకొద్దీ మనుషులు పోయారు. కాబట్టి నీటిమీదికి దిగే ప్రతివారికీ, ఆటగాడైనా యాత్రికుడైనా, మొదటి నియమం ఒంటిమీద లైఫ్ జాకెట్టు. బల్లకింద ఉన్న జాకెట్టు, చూరులో దోపిన గొడుగులాంటిది. వాన వచ్చాక అందదు.

ఇక ఆ సోదరికి నా జవాబు. అమ్మా, పంపించండి. ఏప్రిల్, మే నెలల్లోనే పంపండి. జూన్‌లో రుతుపవనం దిగాక ఆ పడమటి సముద్రం ఆటలకు పనికిరాదు. నేర్పేవారిని ఫోనులో నాలుగు ప్రశ్నలు అడగండి. లైఫ్ జాకెట్టు, తలకు శిరస్త్రాణం తప్పనిసరిగా తొడుగుతారా? పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ కాపాడే ఇంజను పడవ సిద్ధంగా ఉంటుందా? జెట్ స్కీలు, స్నానం చేసేవాళ్ళు తిరిగే చోటుకు విడిగా నేర్పుతారా? నేలగాలి వీస్తున్నరోజు పాఠం మానేస్తారా? నాలుగింటికీ తడుముకోకుండా అవునంటే అది మంచి బడి. ఒక్కదానికి ‘ఏం ఫరవాలేదు మేడం’ అని నవ్వితే ఇంకొక బడి చూడండి.

తరువాత అబ్బాయిని కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న వెయ్యండి. “నీ కుడిచెయ్యి ముందుంది. ఎదుటివాడు తప్పుకోవాలి, కాని తప్పుకోవడం లేదు. ఏం చేస్తావు నాయనా?” అని. “దారి నాది గదమ్మా, పోతాను” అంటే ఆ టిక్కెట్టు రద్దు చేయించండి. “అరుస్తాను, వినకపోతే చాప వదిలేస్తాను” అంటే, పచ్చడి సీసా, తువ్వాలూ సర్దిపెట్టి రైలెక్కించండి.